ఉప్పునీళ్లలో జాడించిన రుమాలు

పోయిన వారం మా నల్లగొండ నుంచి పానగల్ పోయే తోవలో కొత్తగా ఒక గానుగ నూనె దుకాణం పెట్టారు. గానుగ అన్నారే గాని ఎద్దూ లేదు, ఎద్దును తోలేవాడూ లేడు. మూలన కరెంటు మోటారు ఒకటి చెక్క రోటిని తిప్పుతుంటుంది, ఎదురుగా గాజు సీసాలు వరసగా పేర్చి ఉంటాయి. మా చిన్నతనంలో ముంతతో తెచ్చుకున్న నూనెనే ఇప్పుడు ఆరోగ్యం పేరు చెప్పి దవాఖాన మందులా అమ్ముతున్నారు. మా ఆవిడ వంటకు నూనె తెమ్మంటే కాదనలేక నేనూ వెళ్లాను. సరిగ్గా అప్పుడే నువ్వులు ఆడుతున్నారు. ఆ పచ్చి నూనె వాసన ముక్కుకు తగిలేసరికి ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. దుకాణం ఆమె "సార్, ఒక లీటరా, రెండు లీటర్లా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకముందే చేతికందిన సీసా పట్టుకుని బయటికి వచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే అది కొబ్బరి నూనె. దాని మీద మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయాల్సిన పని లేదు.

ఆ నువ్వుల నూనె వాసన మా అక్క ఇంటి వాసన. చౌటుప్పల్ దాటి కొంత దూరం లోపలికి పోతే వచ్చే ఊళ్లో మా బావ మగ్గం నేసేవాడు. ఆ చుట్టుపక్కల చీరలు నేసేవాళ్లు ఇంకా ఉన్నారు గాని, మా బావది రుమాళ్ల మగ్గం. తేలియా రుమాలు అంటారు. నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు బట్ట, ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడే రంగులు. ఒకప్పుడు సముద్రం మీద పోయేవాళ్లు ఎండకు తలకు చుట్టుకునేవాళ్లట, నడుముకు కట్టుకునేవాళ్లట. అరబ్బు దేశాల దాకా ఓడల్లో పోయేవట. ఈ పని అసలు పుట్టింది చీరాల వైపు. మా బావ వాళ్ల తాత కాలినడకన అక్కడికి పోయి, ఏళ్లపాటు ఒకరింట్లో ఉండి నేర్చుకొని వచ్చాడని చెప్పుకునేవాళ్లు. నేనూ మగ్గాల ఇంట్లోనే పుట్టాను. నేను ముట్టుకున్న నూలల్లా చిక్కుపడుతుండటం చూసి మా నాయిన నన్ను బడికి తరిమాడు. అట్లా తెలుగు పంతులునై నల్లగొండలో స్థిరపడ్డాను. "నీకు నూలు రాక నోరొచ్చింది బామ్మర్ది" అని మా బావ పది మందిలో ఎగతాళి చేసేవాడు.

రుమాలులో పూలూ లతలూ తక్కువ. చేపలు, గడియారాలు, ఇంకా ఒక వంకర కొక్కెం ఉండేవి. కొక్కెం ఏమిటని అడిగితే బావకు తెలియదు. వాళ్ల తాత కట్టాడు, వాళ్ల నాయిన కట్టాడు, తనూ కడుతున్నాడు. రంగు పడకూడని చోట నూలుకు గట్టిగా దారం చుట్టి కట్టడం, తర్వాత నేయడం మగవాళ్ల పని. అంతకుముందు నూలుకు నూనె పట్టించడం, రంగు ఉడికాక జాడించడం ఆడవాళ్ల పని. ఈ నూనె పని మాటలతో అయ్యేది కాదు. ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్లు వడగట్టి, నువ్వుల నూనెతో కుండలో కలిపి, అందులో నూలు వేసి పిండి పిసికినట్టు పిసకాలి. ఎండలో ఆరేయాలి. మళ్లీ తడపాలి, మళ్లీ పిసకాలి. ఇట్లా ఇరవై దినాలకు పైగా ఒక్క పూట తప్పకుండా చేస్తే అప్పుడు ఎరుపు నూలును పట్టుకుంటుంది, ఇక జన్మలో వదలదు. మా అక్క చేతులు ఎప్పుడు చూసినా నూనెతో మెరుస్తుండేవి. రాఖీ కట్టడానికి నల్లగొండ వస్తే నా చొక్కాకు మరకలు పడేవి, ఆ మరకలు కూడా జన్మలో వదిలేవి కావు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత రెండేళ్లకు అక్క పోయింది. ఆ నూనె పని మా మేనకోడలి మీద పడింది. బావకు ఆమె ఒక్కతే బిడ్డ. భర్తతో ఆ ఊళ్లోనే, ఆ ఇంట్లోనే ఉండేది. అల్లుడు వ్యాను నడిపేవాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆమె అప్పటికే చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోతుండేది. బస్సు ఊళ్లోకే వచ్చి ఎక్కించుకుపోయేది. షిఫ్టు దిగి వచ్చి కుండల ముందు కూర్చుని నూలు పిసికేది. బావకు ఇది నచ్చలేదు. కంపెనీ నుంచి వచ్చిన బట్టల్లో ఏదో ఘాటు ఉంటుందని, ఆ ఘాటు నూలుకు పడుతుందని సణిగేవాడు. ఆయన మనసులో ఒకటే ఉండేది: బిడ్డ ఆ పని మాని ఇంటి పట్టున కూర్చోవాలి, మగ్గం ఆమె చేతుల్లో నిలవాలి. హైదరాబాదులో ఒక సేటు తప్ప రుమాళ్లు కొనేవాళ్లు లేరు. ఆయన కూడా ఏడాదికోసారి కొన్నే తీసుకునేవాడు.

మేం చేసిన సముద్రం యాత్ర నా బుర్రలో పుట్టిందే. అప్పటికి అక్క పోయి మూడేళ్లు. నేను రిటైరైన కొత్త, కాళ్లు ఊరుకోవు. చీరాల పక్కన పాత ఓడరేవు ఉన్నదని, అక్కడ కాకతీయుల కాలం శాసనం ఉన్నదని, దీపస్తంభం, పాత గుడులు, ఇసుక తీరం, ఒక్క దినంలో అన్నీ చూసి రావచ్చని కాగితం మీద వరసగా రాసుకొని బావ దగ్గరికి పోయాను. ఆయన నా కాగితం వంక చూడనే లేదు. "సముద్రపోళ్లు ఉంటరా ఆడ?" అన్నాడు. ఉంటారన్నాను. "అయితే వస్త. రుమాలు కట్టేటోళ్లు వాళ్లే గదా! పది పడవలోళ్లు మాకు గావాలె అంటె సాలు బామ్మర్ది, మా పిల్ల కంపెనీకి పోవుడు బందు జేస్తది" అన్నాడు. ఆ వెలుగు మొహం చూసి సరేనన్నాను. పడవలవాళ్లు ఈ కాలంలో ఏం కట్టుకుంటారో నాకు తెలియక కాదు. చూసి తెలుసుకుంటాడులే అనుకున్నాను. మేనకోడలు మాత్రం తనూ వస్తానని పట్టుబట్టి సెలవు పెట్టింది. తండ్రి మీద ప్రేమ అనుకున్నాను, సముద్రం మీద సరదా అనుకున్నాను.

నల్లగొండలో రైలెక్కి చీరాలలో దిగాం. బావ చేతిలో గుడ్డసంచి, అందులో పన్నెండు రుమాళ్లు. ప్రయాణమంతా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. పక్క సీటు ఆయన "పచ్చడేమైనా కారుతోందా అండీ, నూనె వాసన వస్తోంది" అన్నాడు. బావకు ఆ మాట ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. నా వైపు తిరిగి కన్ను గీటాడు. మేనకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆటో మాట్లాడుకొని ముందు పాత ఓడరేవు ఊరికి పోయాం. అక్కడ ఓడా లేదు, రేవూ లేదు. సముద్రం ఎప్పుడో వెనక్కి జరిగిందట. సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, మధ్యలో ఒక పాత గుడి. శాసనం ముందు నిలబడి నేను పంతులు గొంతు సవరించుకున్నాను. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవాళ్లని, కాకతీయ రాజు మాత్రం వ్యాపారులారా భయం లేదు రండి, సుంకం తప్ప మీ సొత్తు ముట్టుకోం అని మాట ఇచ్చాడని చెప్పుకొచ్చాను. బావ శ్రద్ధగానే విన్నాడు. విని, "గిసొంటి రాళ్లు మన పానగల్ల లేవా? దీనికోసం పక్క రాష్ట్రం దాంక రావాల్నా?" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ ఓడలల్ల రుమాళ్లు గూడ పోయినయా?" అని అడిగాడు. ఆ కాలం నాటికి ఈ రుమాలు ఉన్నదో లేదో నాకు తెలియదు. అయినా పోయే ఉంటాయన్నాను. యాత్రల్లో పెద్దమనుషులు చెప్పే అబద్ధాలు ఇట్లాంటివే. ఆయన గుడి గోడకు ఆనుకొని కాసేపు ఆ దిబ్బల వైపే చూశాడు, పోయిన ఓడ మళ్లీ వస్తుందేమో అన్నట్టు.

సముద్రం దగ్గరికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. నేను నా కాగితం ప్రకారం దీపస్తంభం వైపు నడుస్తుంటే బావ పడవల వైపు నడిచాడు. జీవితంలో మొదటిసారి సముద్రం చూసినవాడు కాసేపు ఆగి చూడాలి గదా, ఆయన దాన్ని చెరువును చూసినట్టు చూసి పక్కకు తప్పుకున్నాడు. ఒడ్డున ఫైబరు పడవలు, నైలాను వలల కుప్పలు, ఎండు చేపల కంపు. ఒక పడవ పక్కన ఇసుకలో తుప్పు పట్టిన లంగరు పడి ఉంది. బావ దాని ముందు నిలబడిపోయాడు. సంచిలోంచి రుమాలు తీసి కొక్కెం బొమ్మ చూశాడు, లంగరు చూశాడు. "బామ్మర్ది, గిదా ఇది!" అని పిల్లవాడిలా నవ్వాడు. "మూడు తరాల సంది ఏందో తెల్వకుంటనే కడుతున్నం గదరా!" ఆ రోజు మేం ముగ్గురం కలిసి నవ్వింది అదొక్కసారే.

వలలు బాగుచేసుకుంటున్న పడుచువాళ్లు రుమాలు వంక చూసి మళ్లీ వలల్లో తల పెట్టారు. వాళ్ల ఒంటి మీద ఆటగాళ్ల పేర్లున్న బనీన్లు, తల మీద టోపీలు. ఒకతను వాసన చూసి ముక్కు ముడిచి, "ఎండకి టోపీ ఉంది గదన్నా" అన్నాడు మర్యాదగానే. బావ నిరాశ పడలేదు. ఇంకో పడవ, ఇంకో పడవ. చివరికి నీడన కూర్చుని ఉన్న ఒక ముసలాయన రుమాలు చేతికి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. ఆయన కళ్లల్లో గుర్తుపట్టిన చూపు కనిపించింది. "మా తాత కట్టేవోడయ్యా ఇది. నా చిన్నప్పుడు చూశా. యాడ్నించి తెచ్చారు?" అన్నాడు. బావ ఇసుకలో ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, ఊరి పేరు చెప్పి, తాత నడిచి వచ్చిన కథ చెప్పి, పట్టిన నూనె సంగతి చెప్పాడు. నాకు తెలిసి బావ ఒక పరాయి మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ముసలాయన అంతా విని, "మావోళ్లు కొనేప్పుడు ఒకటి చేసేవోళ్లయ్యా. ముందు సముద్రంలో జాడించి చూసేవోళ్లు. ఉప్పునీళ్లకి ఎరుపు ఇంకా నిగ్గు తేలాల. రంగు దిగిందా, తెచ్చినోడి మొహానే పిండేవోళ్లు" అని బోసినోటితో నవ్వాడు.

బావ లేచి నిలబడ్డాడు. మేనకోడలు చప్పున ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వద్దు బాపు. అలలు పెద్దగున్నయ్. పోదాం పా" అంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. నేను నవ్వాను. సముద్రానికి భయపడింది అనుకున్నాను. "నువ్వాగు బిడ్డా. మీ బాపు గొప్ప వీళ్లు గూడ సూడాలె గదా. పో బావా, జాడించి సూపియ్యి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇన్నేళ్లు పిల్లల మొహాలు చూసి ఎవరు పాఠం చదవలేదో చెప్పగలిగిన పంతులును, ఆ ఒక్క మొహం చదవలేకపోయాను. దాని గురించి నన్ను నేను క్షమించుకోలేదు.

ఆయన పంచె ఎగగట్టి మోకాళ్ల లోతు దాకా పోయాడు. ముసలాయన, వలల దగ్గరి పడుచువాళ్లు ఇద్దరు ముగ్గురు, పని లేక చూస్తున్న యాత్రికులు కొందరు ఒడ్డున నిలబడ్డారు. బావ రుమాలు రెండు కొసలు పట్టుకొని, పెళ్లిలో తెర పట్టినట్టు ఎత్తి అందరికీ చూపించి, నీళ్లలో ముంచాడు. ఒకసారి జాడించాడు. రెండోసారి జాడించాడు. తెల్లటి నురుగు ఆయన కాళ్ల చుట్టూ ఎర్రబడింది. మొదట ఆయనకు కాలికేదో గీరుకున్నదేమో అనిపించినట్టుంది, వంగి కాళ్లు చూసుకున్నాడు. తర్వాత రుమాలు పైకెత్తాడు. తెల్లగా ఉండాల్సిన చేపలు, గడియారాలు గులాబీ రంగులోకి తిరిగాయి. ఆయన దాన్ని పిండాడు, వేళ్ల మధ్య నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. మళ్లీ పిండాడు. ఇంకా కారాయి. ఎవరో నవ్వారు. ముసలాయన నవ్వలేదు. "పోన్లే పెద్దాయనా, బయటికి రా" అన్నాడు.

బావ ఒడ్డుకు వచ్చి ముందు కూతురి మొహం చూశాడు. తర్వాత ముసలాయనతో, "నూనె తక్కువైందన్నా. నా సేతులనే లోపం. పెద్దతనమొచ్చె, సరిగ పిసుకలేకపోయిన" అన్నాడు. జన్మలో నూనె కుండలో చెయ్యి పెట్టని మనిషి. మగవాళ్లు ఆ కుండ ముట్టుకుంటే నూలు చెడుతుందని నమ్మే ఇల్లు అది. ఇంట్లో ఆడమనిషి నూనె పట్టించిన నూలును మగవాడు తడిపి పరీక్ష చేయడం కూడా ఆ ఇంటి ఆచారం కాదు. అట్లా చేస్తే ఆమె చేతిని అనుమానించినట్టే. మా అక్కను ఆయన ఎన్నడూ అనుమానించలేదు, బిడ్డనూ అనుమానించలేదు. వాసన చూసేవాడు, నేసేవాడు. ఇక సేటు దగ్గర కొన్నవాళ్లెవరూ రుమాలు తడిపి ఉండరు. అద్దం బిగించి గోడకు తగిలించుకునేవాళ్లు. అందుకే అన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు.

దీపస్తంభం చూడలేదు, ఇంకేదీ చూడలేదు. సాయంత్రం తిరుగు రైలెక్కాం. రైలు కదిలాక బావ మెల్లగా అడిగాడు, "ఎన్నేండ్ల సంది బిడ్డా?" ఆమె చెప్పింది. "అమ్మ పోయిన ఏడాది సంది. మొదలు పది దినాలు పిసికిన బాపు. షిఫ్టులు ఎక్కువైనయ్. ఎనుకకు నాలుగు దినాలు, ఇగ రెండు. సేతులు లేస్తలేకుండె. పైపైన నూనె రాసి పెడుతున్న, నీకు వాసనొస్తె సాలని." నేను ఉండబట్టలేక, "ముందే చెప్తే ఏమయ్యేదే తల్లీ?" అన్నాను. "చెప్తే బాపు మగ్గం దిగుతుండె మామా. దిగి ఏం జేస్తుండె?" అంది. బావ తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకనిపించింది. సంచి తీసి సీటు కిందికి తోశాడు, పొద్దున్నుంచి మొదటిసారి. ఆమె చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకొని, వేళ్ల కొసలు ఒక్కొక్కటే ఒత్తి చూశాడు. "రేపు పొద్దుగాల షిఫ్టేనా? అయితే జరసేపు పండుకో" అన్నాడు.

నెల తర్వాత, చలికాలం మొదట్లో వాళ్లింటికి పోయాను. ఆమె పనికి పోయింది, బస్సు అప్పుడే వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. బావ మగ్గం మీద మిగిలి ఉన్న రుమాళ్లు నేసి ముగించాడు. మొదలుపెట్టిన బట్టను మధ్యలో వదలకూడదు గనుక నేశాడు, ఆ రుమాళ్లు ఎవరికీ ఇవ్వలేదు. నేను వెళ్లేసరికి కాళ్లు మగ్గం గుంటలో పెట్టుకొని, అచ్చులోంచి పాత పోగుల కొసలు లాగేస్తున్నాడు. మగ్గం తెలియని వాళ్లకు ఇది చెప్పాలి. ఒక బట్ట నేయడం అయిపోయాక దాని నిలువు పోగుల కొసలను నేతగాడు తీసేయడు. దువ్వెన పళ్లలాంటి అచ్చులో వాటిని అట్లాగే ఉంచి, తర్వాతి బట్ట పోగులను ఒక్కొక్కటే ఆ కొసలకు మెలిపెట్టి అతుకుతాడు. అందువల్ల అచ్చు ఎప్పుడూ ఖాళీ కాదు. మగవాడు చనిపోయినా ఖాళీ కాదు, కొడుకు వచ్చి ఆ కొసలకే తన పోగు అతుకుతాడు.

నేను గడపలోనే నిలబడి, "ఉండనియ్యి బావా, రేపెవరన్నా..." అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "ఎవరు బామ్మర్ది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. నేను లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. బావ పోయి రెండేళ్లయింది. మేనకోడలు అదే కంపెనీలో ఉంది, మగ్గం గుంట పూడ్చి అక్కడ బండలు పరిచారు. ఆ రోజు నేను పక్కన కూర్చుని చూస్తుండగానే ఆయన కొసలన్నీ లాగి, ఉండ చుట్టి, అచ్చును దులిపి గోడకు ఆనించాడు. వాళ్ల తాత చీరాల నుంచి తిరిగొచ్చిన నాటి నుంచి ఆ అచ్చులో పోగు లేని పూట లేదు. దాన్ని ఖాళీ చేయడానికి మా బావకు ఒక మధ్యాహ్నం కూడా పట్టలేదు.